నెట్ సెంటర్‌లో రెండేళ్ల ఫైర్‌ఫాక్స్: ఒకరి లాగిన్ ఇంకొకరికి అంటకుండా

మాది తెనాలిలో చిన్న నెట్ సెంటర్. మూడు సిస్టమ్స్, ఒక లేజర్ ప్రింటర్, ఒక జిరాక్స్ మెషిన్, అంతే. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి దించేదాకా బ్రౌజర్ తెరిచే ఉంటది, అందులో నడిచేవి నా అకౌంట్లు కాదు, వచ్చినవాళ్లవి. ఒకాయనకి పీఎఫ్ పాస్‌బుక్ కావాలి, ఒకావిడకి మీభూమి సైట్‌లో వన్‌బీ, అంటే భూమి రికార్డు కాగితం, తీయాలి, వెనకాల పాన్ కరెక్షన్ కోసం ఒకరు, పిల్లాడి స్కాలర్‌షిప్ కోసం ఇంకొకరు. కాబట్టి ఇంట్లో యూట్యూబ్ చూసుకునేవాళ్లు బ్రౌజర్‌ని చూసే చూపు వేరు, నాది వేరు. రెండేళ్ల పైనుంచి మూడు సిస్టమ్స్‌లోనూ ఫైర్‌ఫాక్స్ బ్రౌజరే మెయిన్‌గా నడుపుతున్నా, వాడింది వాడినట్టు రాస్తున్నా.

మారడానికి కారణం ఒక సాయంత్రం. ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు, ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయినా మా దగ్గర అందరూ ఎంసెట్ అనే అంటారు. వెబ్ ఆప్షన్లు పెట్టే ఆ కొద్ది రోజులు షాపులో నిలబడ్డానికి చోటుండదు, పిల్లలు, అమ్మానాన్నలు, చేతుల్లో కాలేజీల లిస్టు రాసుకొచ్చిన తెల్లకాగితాలు. ఒక అమ్మాయికి ఆప్షన్లు పెడుతున్నా, మధ్యలో వాళ్ల నాన్నగారు ఎవర్నో ఫోన్‌లో కనుక్కుని వస్తానని బయటికెళ్లారు, ఈలోపు ఇంకో అబ్బాయి బస్సుందని తొందరపడుతుంటే పక్క ట్యాబ్‌లో అదే సైట్ తెరిచి అతని లాగిన్ చేశా. నాన్నగారు వచ్చాక మళ్లీ అమ్మాయి ట్యాబ్‌కి వచ్చి మిగతా కాలేజీలు పెట్టి సేవ్ కొట్టి ప్రింట్ తీశా. ఆ అమ్మాయే చూసింది, "అన్నా, ఈ హాల్‌టికెట్ నంబర్ నాది కాదు" అంది. పైన ఉన్నది ఆ అబ్బాయి నంబర్. ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేలోపే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది, ఇద్దరివీ మొదట్నుంచి మళ్లీ వరసగా పెట్టేసరికి రాత్రి పదకొండున్నర అయింది. ఇంటికెళ్లినా నిద్ర పట్టలేదు. నాలుగేళ్లు ఎక్కడ చదవాలో తేల్చే కాగితం అది, నన్ను నమ్మి నా ముందు కూర్చున్నారు.

ఎక్కడ తేడా వచ్చిందో తర్వాత తెలుసుకున్నా. లాగిన్ అయినప్పుడు సైట్ మన బ్రౌజర్‌కి ఒక టోకెన్ లాంటిది ఇస్తది, అదే కుకీ. ట్యాబ్‌లు పది ఉన్నా ఆ సైట్‌కి సంబంధించి టోకెన్ల డబ్బా ఒక్కటే. రెండో మనిషి లాగిన్ అవగానే పాత టోకెన్ పోయి కొత్తది వచ్చి కూర్చుంటది, మొదటి ట్యాబ్‌లో పాత పేరే కనిపిస్తున్నా సేవ్ కొడితే వెళ్లేది కొత్త టోకెన్‌తోనే. హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటో విండో ఉందిగా అంటారు, దాంతో ఇంకొక్క డబ్బా వస్తది అంతే, ఇన్‌కాగ్నిటో విండోలు ఎన్ని తెరిచినా అన్నీ కలిపి ఆ ఒక్క డబ్బానే వాడతాయి. ఇద్దరి వరకు పర్లేదు, మూడో మనిషి వస్తే మళ్లీ మొదటికే. మనిషికో ప్రొఫైల్ పెట్టొచ్చు గానీ రద్దీలో అన్ని విండోల మధ్య ఎవరిది ఏదో వెతుక్కోవడం నా వల్ల కాలేదు.

ఫైర్‌ఫాక్స్ నాకు పూర్తిగా తెలియనిదేం కాదు. 2004 నవంబర్ 9న ఒకటో వెర్షన్ వచ్చింది, ఆ తర్వాత రెండు మూడేళ్లకి, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు, వేరేవాళ్ల నెట్ సెంటర్‌లో గంటకింత ఇచ్చి కూర్చునే రోజుల్లో వాడా. అప్పట్లో తెలుగు పేపర్ల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్‌తో ఉండేవి, ఫాంట్ దిగకపోతే పేజీ నిండా అర్థంకాని గుర్తులు. పద్మ అని ఒక ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, ఉండేది, ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుంటే ఆ అక్షరాలన్నీ అందరికీ ఒకేలా ఉండే యూనికోడ్‌లోకి మార్చి చక్కగా చూపించేది. అది చేసినవాళ్లకి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటా. 2008లో క్రోమ్ వచ్చాక లోకమంతా అటు పోయింది, నేనూ పోయా. మళ్లీ ఇన్నేళ్లకి తిరిగొచ్చా.

మొదటి రోజు ముందు కంట్లో పడింది ట్యాబ్‌లు. ఎన్ని తెరిచినా సన్నగా పుల్లల్లా అయిపోకుండా ఒక సైజు దగ్గర ఆగి పక్కకి జరుగుతాయి, పేరు కొంచెమైనా కనిపిస్తది. 2025 మార్చిలో వచ్చిన 136 వెర్షన్ నుంచి ట్యాబ్‌లని ఎడమ పక్క నిలువుగా పెట్టుకోవచ్చు, మావి పాత వెడల్పు మానిటర్లు కాబట్టి అదే బాగా కుదిరింది. బుక్‌మార్కులన్నీ పాత బ్రౌజర్‌లోంచి ఒక్క క్లిక్‌తో వచ్చేశాయి. స్పీడ్ అంటారా, మేం తెరిచే సైట్లు వాటి సర్వర్ దయ మీద నడిచేవి, నాకైతే తేడా ఏం తెలియలేదు.

అసలు విషయం కంటైనర్స్. మల్టీ అకౌంట్ కంటైనర్స్ అని, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్లే ఇచ్చే ఎక్స్‌టెన్షన్, ఫ్రీ. వేయగానే పర్సనల్, వర్క్, బ్యాంకింగ్, షాపింగ్ అని నాలుగు కంటైనర్లు వస్తాయి, మనకి కావాల్సిన పేరుతో కొత్తవి చేసుకోవచ్చు, ఒక్కోదానికి ఒక రంగు, ఒక బొమ్మ. ఇందాక చెప్పిన టోకెన్ల డబ్బా ఉంది చూడండి, కంటైనర్‌కి ఒకటి చొప్పున విడిగా ఉంటది. ఒకే విండోలో, పక్కపక్క ట్యాబ్‌ల్లో, ఒకే సైట్‌లో నలుగురు నాలుగు లాగిన్‌లతో ఉన్నా ఎవరిది వాళ్లదే.

నేను చేసేది ఏంటంటే, కుర్చీకో రంగు. షాపులో కస్టమర్లు కూర్చునే కుర్చీలు వరసగా ఉంటాయి, గోడ వైపు మొదటి కుర్చీ నీలం, రెండోది ఆకుపచ్చ, మూడోది నారింజ, చివరిది ఎరుపు. కుర్చీ వెనకాల అదే రంగు టేపు అతికించా. మనిషి నీలం కుర్చీలో కూర్చుంటే ప్లస్ గుర్తు మీద మౌస్ నొక్కి పట్టుకుంటే కంటైనర్ల లిస్టు వస్తది, అందులో నీలం ఎంచుకుని ట్యాబ్ తెరుస్తా. ట్యాబ్ మీద నీలం గీత, అడ్రస్ బార్ చివర నీలం రంగులో కంటైనర్ పేరు. సేవ్ కొట్టే ముందు ఒకసారి గీత చూస్తా, ఒకసారి కుర్చీ చూస్తా. మా దగ్గర పనిచేసే కుర్రాడికి ఇదంతా వివరించి చెప్పాల్సిన పనే పడలేదు, రంగు చూసి రంగు కలుపు అన్నా, ఆ రోజే పట్టేశాడు. పని అయ్యాక ముందు లాగౌట్, తర్వాత ఆ కంటైనర్‌ని డిలీట్ చేసి అదే పేరుతో కొత్తది చేస్తా, డిలీట్ చేస్తే దాని కుకీలు కూడా పోతాయి. ఒక్క నిమిషం పని. ఈ పద్ధతి పెట్టిన తర్వాత రెండు కౌన్సెలింగ్ సీజన్లు అయ్యాయి, ఒక్క ఆప్షన్ కూడా తారుమారు కాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, కంటైనర్ వేరు చేసేది కుకీలు, సైట్ దాచుకునే డేటా వరకే. హిస్టరీ, బుక్‌మార్కులు, సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు అన్ని కంటైనర్లకీ ఉమ్మడే. మొదటి వారంలో నాకు ఇది తెలియక, ఒకావిడ ఫారం నింపుతుంటే మొబైల్ నంబర్ గడిలో అంతకుముందు వచ్చినాయన నంబర్ కింద లిస్టులో వచ్చింది. ఆవిడ ఏమనలేదు గానీ నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది, ఒకరి నంబర్ ఇంకొకరి కంట్లో పడకూడదు కదా. వెంటనే సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి పోయి సెర్చ్, ఫారం హిస్టరీ గుర్తుపెట్టుకోవడం ఆపేశా, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడగడం ఆపేశా, అడ్రస్‌లు, కార్డుల ఆటోఫిల్ కూడా ఆపేశా. నెట్ సెంటర్ నడిపేవాళ్లు ఎవరు ఫైర్‌ఫాక్స్ వేసినా ముందు ఈ పని చేయండి, కంటైనర్స్ తర్వాత.

రెండో పెద్ద లాభం యాడ్స్ ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్. యాడ్స్ విసుగని కాదు నేను చెప్పేది. ఏదైనా ప్రభుత్వ సర్వీసు పేరు సెర్చ్‌లో కొడితే అసలు సైట్ కంటే పైన స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలతో వేరే సైట్లు వస్తాయి, చూడ్డానికి అచ్చం అసలుదానిలాగే ఉంటాయి, ఉచితంగా అయ్యే పనికి ఫీజు అడుగుతాయి. ఇంట్లో ఫోన్‌లో అలా డబ్బు కట్టేసి, అప్లికేషన్ ఎక్కడికి పోయిందో తెలియక రసీదు పట్టుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు, వాళ్లకి ఏం చెప్పాలో తోచదు. యూబ్లాక్ ఉంటే ఆ స్పాన్సర్డ్ లింకులు చాలావరకు కనపడవు, డౌన్‌లోడ్ అని రాసి ఉండే దొంగ బటన్‌లు కూడా పోతాయి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్‌లకి మానిఫెస్ట్ వీ3 అనే కొత్త రూల్స్ వచ్చాక పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయదు, లైట్ అని తగ్గించిన వెర్షనే. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది నడుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైర్‌ఫాక్స్‌లో కూడా వేసుకోవచ్చు, మా అమ్మ ఫోన్‌లో అదే పెట్టా.

ప్రింటింగ్ మా బతుకుతెరువు కాబట్టి అది చెప్పాలి. ఎవరైనా వెబ్ పేజీ ప్రింట్ అడిగితే, వంట రెసిపీ గానీ స్తోత్రం గానీ, మామూలుగా తీస్తే యాడ్స్, మెనూలు, పక్క వార్తలు కలిసి ఐదారు కాగితాలు. ఫైర్‌ఫాక్స్ ప్రింట్ బాక్స్‌లో ఫార్మాట్ దగ్గర సింప్లిఫైడ్ అని ఉంటది, అది పెడితే మ్యాటర్ ఒక్కటే వస్తది, చాలాసార్లు ఒకటి రెండు కాగితాల్లో అయిపోతది. ఆ ఆప్షన్ అన్ని పేజీలకీ రాదు, రీడర్ వ్యూ, అంటే మ్యాటర్ ఒక్కటే చూపించే పద్ధతి, పనిచేసే పేజీలకే వస్తది. పీడీఎఫ్ ఫారాలు కూడా బ్రౌజర్‌లోనే నింపొచ్చు, గడులు లేని ఫారమైనా మీద టెక్స్ట్ పెట్టి టైప్ చేయొచ్చు. పేజీ మొత్తం పైనుంచి కిందదాకా స్క్రీన్‌షాట్ కావాలంటే రైట్ క్లిక్‌లోనే ఉంది, పేమెంట్ అయ్యాక అక్‌నాలెడ్జ్‌మెంట్ పేజీని ముందు అలా పట్టేసుకుంటా, ప్రింటర్ మొరాయించినా రసీదు చేతిలో ఉంటది.

తెలుగు విషయంలో నాకు నచ్చింది ఫాంట్ సెట్టింగ్. ఫాంట్స్ అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే భాషల లిస్టులో తెలుగు విడిగా ఉంది, ఇంగ్లీషు ఫాంట్ కదలకుండా తెలుగుకి మాత్రం మనకి నచ్చింది పెట్టుకోవచ్చు, సైజు కూడా. నేను మండలి అనే తెలుగు ఫాంట్ పెట్టా. సైట్ తన సొంత ఫాంట్ పంపిస్తే అదే వస్తది, ఏమీ చెప్పని సైట్లలో మండలి వస్తది. సాయంత్రం ఖాళీ దొరికితే కథలు చదువుతా, రీడర్ వ్యూలో పెట్టి అక్షరాలు పెద్దవి చేసుకుంటే వత్తులు, గుడులు ఒకదానికొకటి తగలకుండా వరసల మధ్య ఎడం పెంచుకోవచ్చు. మెనూలతో సహా బ్రౌజర్ మొత్తం తెలుగులోకి మార్చుకునే వీలు కూడా ఉంది, ఒక సిస్టమ్‌లో అలాగే పెట్టా, పెద్దవాళ్లు పక్కన కూర్చుని తెర మీద ఏముందో చదువుకుంటుంటే బాగుంటది.

ఇక కుదరనివి. వేలిముద్ర మెషిన్ పెట్టి చేసే ఒక సైట్ ఫైర్‌ఫాక్స్‌లో అసలు మెషిన్‌ని గుర్తించదు, డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది పెట్టి చేసే ఇంకో సైట్ ఫలానా బ్రౌజర్‌లోనే తెరవమని రాసేసి కూర్చుంది. సైట్ కట్టేవాళ్లు ఒక్క బ్రౌజర్‌లోనే చూసుకుని వదిలేస్తే ఇలాగే ఉంటది, ప్రజల డబ్బుతో కట్టిన సైట్ ఎవరి బ్రౌజర్‌లోనైనా తెరుచుకోవాలి, ఈ విషయంలో నాకు నిజంగా కోపం. అందుకని ప్రతి సిస్టమ్‌లో రెండో బ్రౌజర్ ఉంచాల్సిందే. సైట్లు మనల్ని వెంబడించకుండా ఆపే ట్రాకింగ్ ప్రొటెక్షన్‌ని మొదట్లో స్ట్రిక్ట్‌లో పెట్టా, ఒక పేమెంట్ పేజీ సగంలో తెల్లగా ఆగిపోయింది, డబ్బు కట్ అయిందో లేదో తెలియక కస్టమర్ పది నిమిషాలు కంగారుపడ్డారు. స్ట్రిక్ట్ పెడితే కొన్ని సైట్లు పనిచేయకపోవచ్చని అక్కడే రాసుంది, నేనే చదవలేదు. స్టాండర్డ్ చాలు, ఏదైనా పేజీ మొండికేస్తే అడ్రస్ బార్‌లో డాలు గుర్తు నొక్కి ఆ సైట్ వరకు ఆపితే సరి. మెమరీ ఎక్కువ తింటోంది అనిపిస్తే షిఫ్ట్ ఎస్కేప్ కొట్టండి, ఏ ట్యాబ్ ఎంత తింటోందో వస్తది, అక్కడే మూసేయొచ్చు.

మొజిల్లా మీద నమ్మకం గురించి కూడా అడుగుతారు. లాభం కోసం కాని ఫౌండేషన్ చేతిలో ఉన్న బ్రౌజర్ అన్నది నిజం, దాని ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచి వస్తుందన్నది కూడా నిజమే. 2025 ఫిబ్రవరిలో కొత్త వాడుక నిబంధనలు పెట్టినప్పుడు జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు, కొన్ని రోజుల్లోనే ఆ మాటలు మార్చి రాశారు. నేను అందుకే సెట్టింగ్స్‌లో డేటా పంపే టిక్కులన్నీ తీసేసి వాడుతున్నా, ప్రతి పెద్ద అప్‌డేట్ తర్వాత ఆ పేజీ ఒకసారి తెరిచి చూస్తా.

మొన్న ఆ అమ్మాయి వచ్చింది, హాల్‌టికెట్ నంబర్ పట్టుకున్న అమ్మాయి. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది, తమ్ముడికి ఆప్షన్లు పెట్టించడానికి తీసుకొచ్చింది. ఆకుపచ్చ కుర్చీలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి, నా వెనకాల నిలబడి, ట్యాబ్ మీద ఆ ఆకుపచ్చ గీత ఏంటన్నా అని అడిగింది. చెప్పా. అయినా ప్రింట్ చేతికివ్వగానే ముందు పైన నంబరే చూసుకుంది, చూసి, సరిపోయిందన్నా అంది.