యాంకీ రివ్యూ: ఫోన్ మంచిదే, కార్డు సరిగ్గా రాస్తేనే

పాఠాలు చెప్పే యాప్ అనుకుని యాంకీ తెరిస్తే ముందు కనబడేది దాదాపు ఖాళీ తెర. వీడియోలు ఉండవు, పతకాలు ఉండవు, రోజూ పలకరించే బొమ్మ ఉండదు. దీనికి తెలిసింది ఒక్కటే పని: ముందు వైపు ప్రశ్న, వెనక వైపు జవాబుగా మనం రాసిపెట్టిన కార్డును, ఆ జవాబు మరిచిపోబోయే సమయానికి మళ్లీ అడగడం. డేమియన్ ఎల్మ్స్ 2006లో దీన్ని విడుదల చేశారు. అప్పటి నుంచి విదేశీ భాషలు నేర్చుకునేవాళ్లు, వైద్య విద్యార్థులు దీన్ని వదలకపోవడానికి కారణం ఆ ఒక్క పనే. అర్థం కాని పాఠాన్ని ఇది అర్థం చేయించదు. అర్థమైన పాఠాన్ని పోనివ్వదు. ఈ తేడా తెలియకుండా మొదలుపెట్టినవాళ్లే తొందరగా విసుగెత్తి తీసేస్తారు.

ముందు ఇన్‌స్టాల్ సంగతి, ఎందుకంటే ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కంప్యూటర్లో వాడేది యాంకీ, ఆండ్రాయిడ్‌లో యాంకీడ్రాయిడ్, ఐఫోన్, ఐప్యాడ్‌లలో యాంకీమొబైల్. వీటి మధ్య కార్డులను కలిపి ఉంచే ఉచిత సర్వీసు యాంకీవెబ్. యాంకీడ్రాయిడ్‌ను వాలంటీర్లు విడిగా తయారుచేస్తారు, అది ఉచితం. యాంకీమొబైల్‌కు ఒకసారి డబ్బు కట్టాలి, నెలనెలా చందా లేదు. యాప్ స్టోర్లలో ఇదే పేరును అటూ ఇటూ తిప్పి పెట్టుకున్న వేరే యాప్‌లు కూడా ఉన్నాయి. వాటికి యాంకీవెబ్‌తో పొత్తు కుదరదు. అందుకే యాంకీ అధికారిక సైట్‌లోని లింకు నుంచే వెళ్లడం మేలు.

ఫోన్‌కీ కంప్యూటర్‌కీ పని పంచేయాలి. కార్డులు కంప్యూటర్లో తయారుచేయండి, జవాబులు ఫోన్‌లో చెప్పండి. చిన్న తెర మీద కార్డు రాయడం కుదరదని కాదు, కుదురుతుంది. కానీ వేళ్లు నొప్పెట్టేసరికి పుస్తకంలోని పేరాను యథాతథంగా అతికించేసే అలవాటు వచ్చేస్తుంది. యాంకీని పాడుచేసేది ఆ అలవాటే.

ఒక ఉదాహరణ. 'కిరణజన్య సంయోగక్రియను వివరించండి' అని ముందు వైపు, పది వరసల జవాబు వెనక వైపు ఉన్న కార్డు పనికిరాదు. ఏడు వరసలు గుర్తొచ్చి మూడు రాకపోతే ఏ బటన్ నొక్కాలి? తప్పంటే వచ్చిన ఏడింటినీ మళ్లీ మళ్లీ చదవాలి, ఒప్పంటే రాని మూడు ఎప్పటికీ రావు. దాన్నే ముక్కలు చేయండి. 'ఇందులో విడుదలయ్యే ఆక్సిజన్ ఏ పదార్థం నుంచి వస్తుంది?' జవాబు: నీటి నుంచి. 'కాంతి చర్యలు హరితరేణువులో ఎక్కడ జరుగుతాయి?' థైలకాయిడ్ పొరల్లో. 'కాల్విన్ వలయం ఎక్కడ?' స్ట్రోమాలో. ఒక్కో కార్డుకు ఒకే జవాబు, చూడగానే ఒప్పో తప్పో తేలిపోవాలి. జవాబు చెప్పడానికి పది సెకన్లు దాటుతోందంటే ఆ కార్డులో రెండు కార్డులు దాక్కుని ఉన్నాయని నా లెక్క.

యాంకీలో నోట్ వేరు, కార్డు వేరు. నోట్ అంటే మనం నింపే సమాచారం, దాని నుంచి పుట్టేవి కార్డులు. 'బేసిక్' రకం నోట్ నుంచి ఒక కార్డు వస్తుంది. రివర్స్‌డ్ రకం నుంచి అటొకటి, ఇటొకటి వస్తాయి. భాషా పదాలకు రెండో రకం బాగుంటుంది, నిర్వచనాలకు మాత్రం వద్దు. 'క్లోజ్' రకంలో వాక్యం రాసి అందులో కొంత భాగాన్ని దాచవచ్చు. దాచిన భాగాలకు వేర్వేరు అంకెలు ఇస్తే వేర్వేరు కార్డులు, ఒకే అంకె ఇస్తే అన్నీ కలిసి ఒకే కార్డులో మాయమవుతాయి. క్లోజ్‌తో ఒక చిక్కు ఉంది. వాక్యం పొడుగైతే మెదడు విషయాన్ని వదిలేసి వాక్యం రూపురేఖల్ని గుర్తుపెట్టుకుంటుంది. కార్డు చూడగానే జవాబు వస్తుంది, పరీక్షలో అదే ప్రశ్న మరోలా అడిగితే రాదు. వాక్యాన్ని ఒక వరసకు కుదించడమే మందు.

పటాలకు, శరీర భాగాల బొమ్మలకు 'ఇమేజ్ ఆక్లూజన్' ఉంది. 23.10 వెర్షన్ నుంచి ఇది యాంకీలోనే భాగం, విడిగా యాడ్-ఆన్ అక్కర్లేదు. బొమ్మ పెట్టి, పేర్ల మీద దీర్ఘచతురస్రాలు గీస్తే ఒక్కోదానికి ఒక కార్డు తయారవుతుంది. అన్నిటినీ దాచి ఒకటి అడిగే పద్ధతి, ఒక్కటే దాచి అడిగే పద్ధతి రెండూ ఉన్నాయి. మొదటిదే వాడండి. రెండోదాంట్లో పక్క పేర్లే జవాబు చెప్పేస్తాయి.

ఎక్సెల్‌లో ఉన్న పట్టికను ఒక్కసారే ఎక్కించవచ్చు, కానీ తెలుగువాళ్లకు ఇక్కడ మూడు గుంతలు. మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి, 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న రకాన్నే ఎంచుకోవాలి. ఫైల్లోని కామాల దగ్గర వాక్యం విరిగి పక్క గడిలోకి జారిపోయే ప్రమాదం ఉంది. ట్యాబ్‌తో విడదీసిన ఫైలైతే ఆ బాధ తక్కువ. ఇక గణితం, ప్రోగ్రామింగ్ కార్డుల్లో 'కంటే తక్కువ' గుర్తు వెంటనే ఇంగ్లీషు అక్షరం వస్తే, హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీల కోడ్) అనుమతి ఆన్‌లో ఉన్నప్పుడు దాన్ని ట్యాగ్ అనుకుని అక్కడి నుంచి కొంత మింగేస్తుంది. అలాంటి ఫైళ్లకు ఇంపోర్ట్ తెరలో ఆ అనుమతి ఆపేయాలి.

జవాబు టైప్ చేసే రకం కార్డు తెలుగు జవాబులకు అంత నమ్మకమైనది కాదు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కొన్ని కీబోర్డులు కంటికి కనబడని గుర్తును మధ్యలో చేరుస్తాయి, కొన్ని చేర్చవు. చదివేవాళ్లకు రెండూ ఒకే మాట అయినా పోలికలో తేడా చూపిస్తుంది. లిపి రాయడం సాధన చేయాలంటే యాంకీడ్రాయిడ్‌లోని వైట్‌బోర్డ్ తెరిచి వేలితో రాసి, తర్వాత జవాబు చూసుకోవడం మేలు.

ఇప్పుడు బటన్లు. ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అని నాలుగుంటాయి. జవాబు రాకపోతే ఎగైన్. వస్తే మిగతా మూడింట్లో ఒకటి. హార్డ్ అంటే 'కష్టపడ్డా వచ్చింది' అని, 'రాలేదు కానీ సిగ్గుగా ఉంది' అని కాదు. యాంకీ దాన్ని ఒప్పు జవాబుగానే లెక్కవేస్తుంది. మరిచిపోయిన కార్డుకు హార్డ్ నొక్కుతూ పోతే లెక్క మొత్తం తప్పుతుంది, ఇంకా రాని కార్డులు వారాల దూరానికి వెళ్లిపోతాయి. ఎగైన్, గుడ్ రెండింటితోనే నడిపేవాళ్లకు ఏ లోటూ లేదు.

కార్డును మళ్లీ ఎప్పుడు అడగాలో లెక్క వేసే పద్ధతులు రెండు. పాతది 1987 నాటి ఎస్ఎమ్-2 అనే సూత్రం మీద ఆధారపడింది. కొత్త కార్డును 1 నిమిషానికి, 10 నిమిషాలకు అడిగి, ఆ తర్వాత 1 రోజుకు పంపుతుంది. అక్కడి నుంచి ప్రతి గుడ్‌కు గడువు దాదాపు 2.5 రెట్లవుతుంది: మూడు రోజులు, వారం, రెండున్నర వారాలు, ఇలా. దీని లోపం తెలిసిందే. ప్రతి ఎగైన్‌కు ఆ గుణకం 0.20, ప్రతి హార్డ్‌కు 0.15 తగ్గి, 1.30 దగ్గర అడుగంటుతుంది. ఆ తర్వాత వచ్చేసిన కార్డు కూడా అవసరానికి మించి తలుపు తడుతూనే ఉంటుంది. 23.10లో చేరిన కొత్త పద్ధతి ఎఫ్ఎస్ఆర్ఎస్‌లో ఆ గుణకమే లేదు. గుర్తుండే అవకాశం నూటికి 90కి పడిపోవడానికి ఎన్ని రోజులు పడుతుందో ఒక్కో కార్డుకు అంచనా వేసి, దాన్నిబట్టి గడువు పెడుతుంది. డెక్ (కార్డుల కట్ట) ఆప్షన్స్‌లో కిందికి వెళ్లి ఆన్ చేయండి. మీ పాత జవాబుల చరిత్ర పోగయ్యాక 'ఆప్టిమైజ్' నొక్కండి, నెలకోసారి నొక్కితే చాలు. 'డిజైర్డ్ రిటెన్షన్' (ఎంత గుర్తుండాలో మనం పెట్టే లక్ష్యం) 0.90 దగ్గరే ఉంచండి. ఆశకు పోయి 0.97 చేస్తే రోజువారీ పని చాలా ఎక్కువగా పెరుగుతుంది, లాభం ఆ మేరకు ఉండదు. ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్‌లో ఉన్నప్పుడు లెర్నింగ్ స్టెప్స్‌లో (కొత్త కార్డును మొదట్లో అడిగే గడువుల్లో) ఒక రోజు, అంతకు మించిన గడువులు పెట్టకూడదు. ఆ దూరాలు లెక్కవేసే పని దానిదే.

మొదటి నెలలో వచ్చే దెబ్బ వేరు. రోజుకు 20 కొత్త కార్డులు అన్నది ముందే ఉండే సెట్టింగ్. మొదటి వారం హాయిగా ఉంటుంది. పాతవి తిరిగి రావడం మొదలయ్యాక రోజుకు 200 దాకా చేరవచ్చు. రివ్యూల (పాత కార్డులు మళ్లీ అడగడం) పరిమితి కొత్త కార్డులకు కనీసం 10 రెట్లు ఉండాలని యాంకీయే గుర్తుచేస్తుంది. కాలేజీ చదువు పక్కన నడిపేవాళ్లు 5 నుంచి 10 కొత్తవాటితో మొదలుపెట్టడం మంచిది. పదిరోజులు మానేస్తే పేరుకున్న కుప్పను చూసి డెక్ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టకండి. కొత్త కార్డులను 0 చేసి, రివ్యూల పరిమితిని మోయగలిగినంత పెట్టి, కుప్ప తరిగేదాకా అలాగే నడపండి. 'కొత్త కార్డులు రావడం లేదు' అన్న ఫిర్యాదుకు కారణం కూడా చాలాసార్లు ఇదే. రివ్యూలే పరిమితిని నింపేస్తే కొత్తవాటికి చోటుండదు.

ఒకే కార్డు 8 సార్లు తప్పితే దానికి 'లీచ్' ముద్ర పడుతుంది. అది మీ జ్ఞాపకశక్తి మీద తీర్పు కాదు, ఆ కార్డు మీద తీర్పు. దాన్ని తిరగరాయండి, లేదా తీసేయండి.

సింక్ విషయంలో యాంకీ కాస్త మొరటు. మామూలు రోజుల్లో రెండు వైపులా చక్కగా కలుపుతుంది. కానీ నోట్ రకానికి కొత్త గడి చేర్చడం లాంటి మార్పు చేస్తే కలపలేక, అప్‌లోడా డౌన్‌లోడా అని అడుగుతుంది. ఏది నొక్కితే దానికి ఎదుటి వైపున్నది పోతుంది. కాబట్టి అలాంటి మార్పులకు ముందు ఫోన్‌లో సింక్ చేయండి, తర్వాత కంప్యూటర్లో సింక్ చేయండి, అప్పుడు మార్పు చేసి కంప్యూటర్ నుంచి అప్‌లోడ్, ఫోన్‌లో డౌన్‌లోడ్. బొమ్మలు, ఆడియో కార్డుల తర్వాత విడిగా వెళ్తాయి. అవి పూర్తికాకుండా కంప్యూటర్ మూసేస్తే ఫోన్‌లో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ కనబడుతుంది. తనంతట తాను తీసుకునే బ్యాకప్‌లో కూడా మీడియా ఉండదు, అది కావాలంటే మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో మరో జాగ్రత్త. ప్లే స్టోర్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన యాంకీడ్రాయిడ్ తన డేటాను యాప్ సొంత ఫోల్డర్లో పెడుతుంది. యాప్ తీసేస్తే డేటా కూడా పోతుంది. ఫోన్‌లో చోటు చాలక యాప్‌లు తీసే ముందు సింక్ చేశారో లేదో చూసుకోండి.

ఇతరులు పంచుకున్న డెక్‌లు వేలల్లో దొరుకుతాయి. మొదటి రెండు వారాలు వాటి జోలికి వెళ్లకపోవడమే నయం. మీరు చదవని పుస్తకం నుంచి తీసిన ఐదువేల కార్డులు నేర్పవు, తరుముతాయి. మీ పాఠ్యాంశానికి సరిపోయేది నిజంగా దొరికితే, మొత్తం కార్డులను సస్పెండ్ చేసి (అడగకుండా ఆపి), క్లాసులో పూర్తయిన అధ్యాయాలవి మాత్రమే యాంకీలోని కార్డుల జాబితా అయిన 'బ్రౌజర్'లో ఎంచుకుని తెరుచుకుంటూ పోండి.

లెక్కలు చేయడం, వ్యాసం రాయడం, ప్రోగ్రామ్ రాయడం దీంతో రావు. వాటికి కావాల్సిన సూత్రాలు, పదాలు, నియమాలు మాత్రం గుర్తుంటాయి. పదజాలం, శరీర నిర్మాణ శాస్త్రం, చట్టంలోని సెక్షన్లు, చరిత్ర తేదీలు చదివేవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే ఉచిత సాధనం నాకు తెలిసినంతలో లేదు. ఐఫోన్ వాళ్లు డబ్బు కట్టే ముందు నెలరోజులు కంప్యూటర్లోనూ, ఫోన్ బ్రౌజర్లో యాంకీవెబ్ తెరిచీ నడిపి చూడండి. బ్రౌజర్లో హంగులు తక్కువ, ఇంటర్నెట్ తప్పనిసరి. అయినా రివ్యూలు జరుగుతాయి. ఆ నెల ఆగకుండా సాగితే అప్పుడు యాప్ కొనండి.