యాస మాటల్లో ఉంటే చాలా, కథంతా ఉండాలా: ఏది మేలు?

అంతర్యుద్ధం 1865లో ముగిశాక అమెరికా పత్రికలకు మారుమూల ప్రాంతాల కథలంటే మోజు పెరిగింది. ఆ కథలు రాసేవాళ్లకు ఒకటే చిక్కు: యాస పాత్రల నోటికే ఇవ్వాలా, కథ చెప్పే గొంతుకీ ఇవ్వాలా?

ఎక్కువమంది మొదటి దారే పట్టారు. జోయెల్ చాండ్లర్ హారిస్ రాసిన అంకుల్ రీమస్ కథల్లో (1880) కథకుడిది బడి ఇంగ్లీషు, నల్లజాతి ముసలాయన రీమస్‌ది జార్జియా తోటల యాస. పాఠకుడికి సులువే. కానీ చదువుకున్న పెద్దమనిషి ఎవరో పక్కన నిలబడి ‘ఈయన ఎలా మాట్లాడతాడో చూడండి’ అంటున్నట్టే ఉంటుంది నాకు. పైగా ఆ కాలం రచయితల్లో చాలామందికి స్పెల్లింగు విరిచే పిచ్చి. ‘వాజ్’ అనే మాటను డబ్ల్యూ-యూ-జెడ్ అని రాస్తారు. పలకడంలో తేడా ఏమీ లేదు, మనిషి మాత్రం చదువురానివాడిలా కనిపిస్తాడు. పలికినట్టే రాసుకునే మనకు ఈ కొంటెపని అంత తేలిక కాదు.

మార్క్ ట్వేన్ ‘హకల్‌బెరీ ఫిన్’లో (1884) రెండో దారి పట్టాడు. మొదటి వాక్యం నుంచీ గొంతు హక్ అనే కుర్రాడిదే. స్పెల్లింగు జోలికి పెద్దగా పోకుండా, వ్యాకరణంతోనూ మాటల విరుపుతోనూ పని కానిచ్చాడు. అయితే హక్‌తో ప్రయాణించే, పారిపోయిన నల్లజాతి బానిస జిమ్ నోరు విప్పేసరికి మళ్లీ అక్షరాలన్నీ చిందరవందర.

నల్లజాతి రచయిత చార్లెస్ చెస్నట్‌ని చదవకపోయి ఉంటే ట్వేన్ దారే మేలనేవాణ్ణి. 1887లో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వచ్చిన ఆయన కథ ‘ది గూఫర్డ్ గ్రేప్‌వైన్’ది పైకి హారిస్ పద్ధతే. బడి ఇంగ్లీషులో కథ చెప్పే ఉత్తరాది తెల్లాయన నార్త్ కరోలినాలో ద్రాక్షతోట కొనబోతాడు. ఒకప్పుడు బానిసగా బతికిన జూలియస్, ఆ తోటకి చేతబడి జరిగింది, కొనొద్దంటూ కథ మొదలుపెడతాడు. ఆ ద్రాక్ష తిన్న హెన్రీ అనే బానిస వసంతంలో తీగతోపాటు చిగురిస్తాడు, శీతాకాలానికి వాడిపోతాడు. యజమాని వసంతంలో అతన్ని మంచి ధరకి అమ్మి, వాడిపోయాక చవగ్గా తిరిగి కొంటాడు. ఏటా ఇదే వ్యాపారం!

తోట కొన్నాక, ఆ పళ్ల మీద జూలియస్ ఏళ్లుగా సంపాదిస్తున్నాడని తెల్లాయనకి తెలుస్తుంది. ముసలాయన ఎత్తు పట్టేశాననుకుంటాడు. హెన్రీ గోడు మాత్రం ఆయన చెవికెక్కదు, మనకెక్కుతుంది. ఇక్కడ తక్కువగా కనిపించేది బడి ఇంగ్లీషాయనే. నా ఓటు అందుకే చెస్నట్‌కి.

జూలియస్ మాటలు కంటితో చదివితే తడబడతాం. పైకి చదవండి, రెండో పేజీకల్లా అలవాటవుతాయి.