కొండల ఫొటోలకి ఒక్క లెన్సే తీసుకెళ్తే: వైడా, టెలీనా?

ప్రయాణం కొండల్లోకి. బ్యాగులో ఒక్క లెన్సుకే చోటుంది. 16-35 మి.మీ. లాంటి వైడ్ (ఎక్కువ వెడల్పు చూసేది) పెట్టుకోవాలా, 70-200 మి.మీ. లాంటి టెలీ జూమ్ (దూరపుదాన్ని పెద్దగా చూపేది) పెట్టుకోవాలా? చాలామంది పెద్దగా ఆలోచించకుండానే వైడ్ పెట్టేస్తారు. కొండ పెద్దది కదా, ఫ్రేమూ పెద్దదే కావాలి అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చేశాను. తిరిగొచ్చి ఫొటోలు తెరిచినప్పుడల్లా ఒకటే నిరాశ: కళ్లముందు అంతెత్తున నిలబడ్డ కొండ ఫొటోలో పుట్టలా కనిపించేది.

డార్జిలింగ్ దగ్గరి టైగర్ హిల్‌నే తీసుకోండి. తెల్లవారుజామున అక్కడ నిలబడితే 8,586 మీటర్ల కాంచన్‌జంగ ఆకాశాన్నంతా ఆక్రమించినట్టే ఉంటుంది. నిజానికి అది దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెయ్యి చాచి రెండు మూడు వేళ్లు అడ్డంగా పెడితే శిఖరం మూసుకుపోతుంది, అంటే నిలువునా ఓ నాలుగు డిగ్రీలు. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మంత సెన్సర్ ఉన్న) కెమెరాలో 24 మి.మీ. లెన్సు నిలువునా 53 డిగ్రీలు చూస్తుంది కాబట్టి అందులో కొండ పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా ఖాళీ ఆకాశం, ముందు నిలబడ్డవాళ్ల టోపీలు. అదే 200 మి.మీ. పెడితే కొండ ఫ్రేమ్‌లో సగానికి పైగా నిండుతుంది. మన చూపు కొండ మీదే ఉంటుంది గనుక చుట్టూ ఉన్నది పట్టదు. లెన్సుకి ఆ పక్షపాతం లేదు.

ఇక్కడే ఒక అపోహ. టెలీ పెడితే దూరపు కొండలు దగ్గరికి జరిగి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వస్తాయి, అది లెన్సు మహిమ అంటారు. కాదు, అది మనం నిలబడ్డ దూరం వల్ల. టైగర్ హిల్ నుంచి ఎవరెస్ట్ కూడా కనిపిస్తుంది, కానీ దానికంటే పక్కనున్న మకాలూ శిఖరమే ఎత్తుగా ఉన్నట్టుంటుంది. మకాలూ కొంచెం దగ్గర, అంతే కారణం. ఏ లెన్సు పెట్టినా ఆ వరస మారదు. అందుకే కొండ ముందు ఇల్లో మనిషో ఉంటే ముందుకు కాదు, వెనక్కి నడవాలి. వెనక్కి వెళ్లేకొద్దీ ఇల్లు చిన్నదవుతుంది, దూరపు కొండ దాదాపు అంతే ఉంటుంది. కిలోమీటరు వెనక్కి వెళ్లి జూమ్ చేస్తే, ఆ చిన్న ఇంటి వెనక కొండ గోడలా లేస్తుంది.

అలాగని వైడ్‌ని తీసిపారెయ్యలేం. కొండ పాదం దగ్గరికి చేరాక టెలీతో రాయీ రప్పా ముక్కలే వస్తాయి. స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ శిఖరం ప్రతిబింబం కనిపించే రిఫెల్‌జే లాంటి సరస్సు ఒడ్డున కూర్చున్నారనుకోండి. కెమెరాని నీటికి జానెడు ఎత్తులోకి దించితే, ముందు తడి రాయి మీది నాచు, తర్వాత నీళ్లలో తలకిందులైన శిఖరం, ఆపైన అసలు శిఖరం, మూడూ ఒకే ఫ్రేమ్‌లో పడతాయి. ముందు చూపించడానికి ఏదో ఒకటి ఉన్నప్పుడే వైడ్ పండుతుంది. చుక్కల ఫొటోలకైతే వైడ్‌కి పోటీయే లేదు. ఒక్క జాగ్రత్త: మరీ వైడ్‌లో పోలరైజర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసే ఫిల్టర్) వాడితే నీలాకాశం ఒక మూల ముదురుగా, ఒక మూల వెలిసిపోయినట్టు వస్తుంది. తీసేయడమే మంచిది.

టెలీ కష్టాలు వేరు. మధ్యలో ఉన్న గాలంతా ఫొటోలోకి వస్తుంది. పొగమంచు, దుమ్ము, ఎండెక్కాక వేడిగాలి అలలు. ఎంత ఖరీదు లెన్సయినా మధ్యాహ్నం పన్నెండింటికి దూరపు కొండ మసకే. పొద్దున్నే తీయాలి, లేదా వాన వెలిశాక. మసక తప్పకపోతే ఫొటోని నలుపు తెలుపులోకి మార్చి ఎరుపు చానెల్‌ని పెంచి చూడండి. గాలిలో నీలికాంతి ఎక్కువగా చెదురుతుంది, ఎరుపు తక్కువ. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927లో కాలిఫోర్నియాలోని యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే రాతి కొండని తీసినప్పుడు ఎర్ర ఫిల్టర్ పెట్టింది ఆకాశాన్ని నల్లగా చేయడానికే, కానీ ఆ ఎరుపే మసకనీ కొంత కోస్తుంది. ఇక చెయ్యి వణుకు: 200 మి.మీ.కి షట్టర్ వేగం కనీసం 1/200 సెకను ఉండాలన్నది పాత లెక్క. ఈదురుగాలిలో నేను 1/500కి తగ్గను.

నా ఓటు టెలీకే. కారణం జేబులో ఉంది. ఫోన్ మెయిన్ కెమెరా మామూలుగా 24-26 మి.మీ.కి సమానం, అల్ట్రావైడ్ 13 దరిదాపుల్లో ఉంటుంది. అంటే వైడ్ ఎలాగూ మనతో వస్తోంది. ఫోన్ జూమ్ మాత్రం దాని సొంత టెలీ లెన్సు దాటాక ఉన్న బొమ్మనే కత్తిరించి సాగదీస్తుంది. మంచు అంచులు నీళ్లలో తడిసిన కాగితంలా తేలతాయి.

ఈ మాట రోడ్డు మీద నుంచి, వ్యూపాయింట్ల నుంచి కొండలు చూసేవాళ్లకి. లోయల్లో రోజుల తరబడి నడిచి, రాత్రి టెంట్ బయట చుక్కలు తీసేవాళ్లయితే వైడే పెట్టుకోండి. టెలీ తీసుకెళ్లేవాళ్లు మాత్రం ఎఫ్4 రకం (ఎఫ్2.8 కంటే తక్కువ వెలుతురు రానిచ్చే, తేలికైనది) చూడండి. ఎఫ్2.8ది చాలావాటిలో కిలో దాటుతుంది, ఎక్కేటప్పుడు మొదటి గంటలోనే ఆ తేడా మెడకి తెలిసొస్తుంది.