పసిపాపల దుప్పట్ల కోసం ఆన్‌లైన్‌లో ఫ్లీస్ బట్ట కొనేవారికి ఒక హెచ్చరిక

చంటిబిడ్డలకు కానుకగా ఇవ్వడానికి ఫ్లీస్ (పాలిస్టర్‌తో అల్లి, పైన నూగు రేపిన మెత్తని బట్ట) దుప్పట్లు స్వయంగా తయారుచేసే వారందరికీ ఒక విన్నపం. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న బట్టను కొలవకుండా, తూచకుండా, ఒకసారి ఉతికి చూడకుండా దాని మీద కత్తెర పెట్టకండి. ఈ మూడూ ముందే చేసి ఉంటే, ఇచ్చిన కానుకను నోరు తెరిచి వెనక్కి అడగవలసిన పరిస్థితి నాకు వచ్చేది కాదు.

‘ఉండలు కట్టని రకం, 250 జీఎస్‌ఎం, పన్నా 58 అంగుళాలు’ అన్న వర్ణన (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు గ్రాముల బరువు) చూసి బొమ్మల ఫ్లీస్ 2 మీటర్లు, ముదురు నీలం సాదా ఫ్లీస్ 2 మీటర్లు, మరోసారికి పనికొస్తుందని పసుపు రంగుది 2 మీటర్లు తెప్పించాను. నా లెక్క ఇది: 2 మీటర్లంటే 78 అంగుళాల పైచిలుకు కాబట్టి నిలువునా 39 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. వాటిని పన్నాలో సగానికి కోస్తే 29 అంగుళాల వెడల్పు ముక్కలు నాలుగవుతాయి. బొమ్మల ముక్క పైన, నీలం ముక్క కింద ఉంచి, మూలల్లో 3 అంగుళాల చదరాలు తీసివేసి, చుట్టూ అంగుళం వెడల్పున కుచ్చులు కత్తిరించి, పై కుచ్చును కింది కుచ్చుతో ముడివేస్తే నాలుగు దుప్పట్లు సిద్ధమవుతాయి. ఫ్లీస్ అల్లిక బట్ట గనుక కోసిన చోట పోగులు ఊడిరావు, అంచు మడిచి కుట్టవలసిన పని ఉండదు. నాలాగా కుట్టు మిషను ముందు కూర్చోవాలంటే భయపడేవారికి ఈ బట్ట నచ్చడానికి కారణం అదే.

వచ్చిన బట్టను పరచి టేపు పెడితే ఒక్కొక్కటి సరిగ్గా 72 అంగుళాలు ఉంది. అంటే మీటరని రాసి గజంతో కొలిచారన్నమాట. పైగా తానులోంచి అడ్డదిడ్డంగా కోసి పంపడంతో, రెండు చివరలూ సరిచేసేసరికి మరో 2 అంగుళాలు పోయాయి. దుప్పటి పొడవు 35 అంగుళాలకు తగ్గించుకుని సర్దుకుపోయాను. ఆరోజే ఫొటో తీసి ఫిర్యాదు చేయకపోవడం నా మొదటి తప్పు. ఫ్లీస్ పాలిస్టర్ కాబట్టి కుంచించుకుపోదులే అని ఉతకకుండా కోయడం రెండోది. కుంచించుకుపోదన్న మాట దాదాపు నిజమే కానీ, ముందుగా ఉతికి చూసేది అందుకు మాత్రమే కాదని తర్వాత తెలిసింది.

రెండు దుప్పట్లు ఇచ్చేశాను. కొన్ని వారాల తర్వాత వాటిలో ఒకటి అందుకున్న తల్లిని చూడటానికి వెళ్లినప్పుడు, నాలుగు నెలల బిడ్డ ఆ దుప్పటి మీదే పడుకుని ఆడుకుంటున్నాడు. బిగించిన గుప్పిటను మెల్లగా విప్పి చూస్తే వేళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో చొంగకు తడిసి అంటుకుపోయిన నీలం నూగు కనిపించింది. ఆ వయసు పిల్లల గుప్పిట తర్వాత ఎక్కడికి వెళుతుందో చెప్పనక్కరలేదు. ఆ తల్లి మొహమాటంతో ఏమీ అనలేదు, నేనే దుప్పటి తిరిగి తీసుకుని వచ్చాను. రెండో ఇంటికి ఫోను చేసి అదే మాట చెప్పడం మరింత కష్టమైంది.

మిగిలిన రెండింటినీ ఆ రాత్రే చన్నీళ్లలో, చాలా తక్కువ సబ్బుతో ఉతికాను. మిషను జాలీలో చారెడు నీలం నూగు చేరింది, తెల్లని బొమ్మలన్నీ నీలం పులుముకున్నాయి, బట్ట నిండా ఆవగింజలంత ఉండలు లేచాయి. ఫ్లీస్ తయారీలో అల్లిన బట్ట మీది పోగులను తీగల బ్రష్షులతో రేపి మెత్తగా చేస్తారు. ఆ పోగులు పొట్టివైనా, అల్లిక వదులైనా రాపిడికి బయటికి వచ్చి ఒకదానికొకటి చుట్టుకుని ఉండలవుతాయి. ఇలా ఉండలు కట్టకుండా చేసే తుది మెరుగు కొన్ని రకాలకు రెండు వైపులా ఉంటుంది, కొన్నింటికి ఒక వైపే ఉంటుంది, కొన్నింటికి వర్ణనలోని మాటల్లోనే ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చి, కోయని పసుపు ముక్కను వంటింటి త్రాసు మీద పెట్టాను. 72 అంగుళాల పొడవు, 58 అంగుళాల పన్నా అంటే సుమారు 2.69 చదరపు మీటర్లు. చెప్పినట్టు చదరపు మీటరుకు 250 గ్రాములు ఉంటే అది సుమారు 670 గ్రాములు తూగాలి. తూగింది 430. అంటే 160 జీఎస్‌ఎం! పన్నా, పొడవు, బరువు తెలిస్తే ఎవరైనా రెండు నిమిషాల్లో వేయగలిగిన ఈ లెక్కను నేను కత్తెర పెట్టకముందు వేయలేదు.

అమ్మకందారు జవాబులు చదివితే నవ్వు కూడా వచ్చింది. కోసిన బట్టను వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. పసుపుది కోయలేదంటే, తానులోంచి కోసి పంపినది కాబట్టి అదీ కోసిన బట్టేనన్నారు. ఉండలు కట్టవని రాసింది బొమ్మలున్న వైపు గురించేనన్నారు, మరి సాదా బట్టకు బొమ్మల వైపు ఏదని అడిగితే సమాధానం లేదు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 (బట్టలో హానికర రసాయనాలు ఉన్నాయేమో పరీక్షించి ఇచ్చే ధ్రువీకరణ) ముద్ర బొమ్మ పెట్టారు కదా, ధ్రువపత్రం సంఖ్య ఇవ్వండంటే అదీ ఇవ్వలేదు. ఆ ధ్రువీకరణలో మూడేళ్లలోపు పిల్లల వస్తువులకు మొదటి తరగతి అని వేరే ఉంది, సంఖ్య ఉంటే ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. సంఖ్య లేని ముద్రను నేనిప్పుడు లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇప్పుడు బట్ట రాగానే పొట్లం విప్పుతూ వీడియో తీసుకుంటున్నాను, టేపూ త్రాసూ పక్కనే ఉంటున్నాయి. మూలన రెండు వైపులా బొటనవేలితో యాభై సార్లు గట్టిగా రుద్ది చూస్తున్నాను. తడిపిన తెల్ల గుడ్డతో రుద్దితే రంగు దిగే బట్ట అక్కడే దొరికిపోతుంది. కోసిన అంచును అడ్డంగా లాగితే బట్ట సాధారణంగా తిరుగు వైపుకు చుట్టుకుంటుంది కాబట్టి, బిడ్డ ఒంటికి తగిలే బయటి వైపున మంచి వైపు వచ్చేలా పేర్చుకోవచ్చు. కుచ్చు ముడులను కూడా గట్టిగా లాగి చూడాలి. పలచని ఫ్లీస్‌లో ముడి దగ్గర బట్ట చిరిగిపోతుంది, నా రెండు దుప్పట్లలో మూడు కుచ్చులు అలాగే ఊడిపోయాయి.

బట్ట ఎంత మంచిదైనా కానుకతో పాటు ఒక చీటీ పెట్టండి: ఏడాదిలోపు బిడ్డ నిద్రపోయే చోట వదులుగా ఉండే దుప్పటి ఏదీ ఉంచకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది, మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కనుసన్నల్లోనే వాడాలి. ఇస్త్రీ పెట్టవద్దని కూడా రాయండి, వేడికి పాలిస్టర్ కరుగుతుంది.

నేను పెట్టిన ఫిర్యాదు ఇంకా తేలలేదు. ఆ బట్ట వర్ణనలో ‘250 జీఎస్‌ఎం’ అన్న మాట నిన్న సాయంత్రం చూసినప్పుడు కూడా అలాగే ఉంది.