విదేశంలో ఫోను: రోమింగా, అక్కడి సిమ్మా, ఈసిమ్మా?

కవిటి, సోంపేట, కంచిలి నుంచి సింగపూరు, దుబాయ్ పనులకి వెళ్లే వెల్డర్లూ ఫిట్టర్లూ ఉంటారు. విజయనగరం నుంచి అమెరికాలో కూతురి పురుడికి వెళ్లే అమ్మలూ ఉంటారు. అందరికీ ఒకే సలహా పనికిరాదు. అక్కడ ఎన్నాళ్లుంటారో దాన్నిబట్టే ఏ సిమ్మో తేలుతుంది.

రెండు మూడు రోజుల పనైతే రోమింగ్ ప్యాక్, అంటే మన సిమ్మే అక్కడ పనిచెయ్యడానికి వేయించుకునే రీచార్జి, చాలు. ఖరీదెక్కువే గానీ కొత్త సిమ్ కోసం తిరగక్కర్లేదు. బయల్దేరకముందే వేయించుకోవాలి. ప్యాక్ లేకుండా డేటా ఆన్‌లో పెట్టుకుని దిగితే, వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగుతూ బ్యాలెన్సు ఖాళీ చేస్తాయి. "ఒక రోజు" ప్యాక్ అంటే 24 గంటలా, మన అర్ధరాత్రి దాకానా అన్నది ముందే అడగండి. దుబాయ్‌లో రాత్రి పదిన్నరకే ఇక్కడ తారీకు మారిపోతుంది. కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకుని ఉంటే ##002# కొట్టి తీసెయ్యండి. లేకపోతే మీరు ఎత్తని కాల్ అక్కడిదాకా వచ్చి మళ్లీ ఇండియాకి మళ్లి, రెండు చార్జీలు పడొచ్చు.

నెలల తరబడి ఉండేవాళ్లకి అక్కడి సిమ్మే మేలు. పాస్‌పోర్టు చూపించి తీసుకోవాలి. అయితే చాలామంది చేసే తప్పు, మన సిమ్ పీకి పర్సులో దాచెయ్యడం. ఆ తర్వాత ఇంటికి డబ్బులు పంపుదామంటే బ్యాంకు ఓటీపీ రాదు. రెండు సిమ్‌ల ఫోనులో మన సిమ్ అలాగే ఉంచి, రోమింగ్ ఆన్ చేయించి, దాని డేటా మాత్రం ఆపెయ్యండి. రోమింగ్‌లో వచ్చే మెసేజీలకి మామూలుగా చార్జీ ఉండదు, వచ్చే కాల్ ఎత్తితే ఉంటుంది. ఆ సిమ్ గడువు తీరిపోకుండా రీచార్జి చేసే పని ఇంటి దగ్గర ఎవరికైనా అప్పజెప్పాలి. వాట్సాప్ "నంబరు మారుస్తారా" అని అడిగితే వద్దనండి, పాత నంబరుతోనే నడుస్తుంది.

దుబాయ్ వెళ్లేవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడ వాట్సాప్‌లో మెసేజీలు వెళ్తాయి, కాల్ కలవదు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడాలి. దాన్ని మీ ఫోనులోనే కాదు, ఇంట్లో అమ్మ ఫోనులో కూడా వేసి, ఒకసారి మాట్లాడి చూసుకునే విమానం ఎక్కండి. అక్కడికెళ్లాక ఆవిడకి ఫోనులో చెప్పి చేయించడం మహా కష్టం.

పది పదిహేను రోజుల నుంచి నెల దాకా అయితే ఈసిమ్, అంటే కార్డు లేకుండా కోడ్‌తో ఫోనులోకి ఎక్కించుకునే సిమ్, బాగుంటుంది. *#06# కొట్టినప్పుడు ఈఐడీ నంబరు కనిపిస్తే మీ ఫోను దానికి పనికొస్తుంది. ఈసిమ్ కొంటే వచ్చే క్యూఆర్ కోడ్ ఆ ఫోనులోనే ఉంటే కెమెరాతో స్కాన్ చెయ్యలేం కదా! నెట్ సెంటర్లో కాగితం మీద ప్రింటు తీసుకుని, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఎక్కించండి. పొరపాటున చెరిపేస్తే ఆ కోడ్ చాలాసార్లు రెండోసారి పనిచెయ్యదు. టూరిస్టు ఈసిమ్‌లలో ఎక్కువవాటికి ఫోను నంబరే ఉండదు, డేటా ఒక్కటే. కాల్స్ యాప్‌లోనే.

నాన్నగారి 4జీ లేని పాత బటన్ ఫోను అమెరికా తీసుకెళ్తే టైం చూసుకోడానికే. అక్కడి పెద్ద కంపెనీలు 2022 నాటికే 3జీ ఆపేశాయి. సింగపూరులో 2జీ 2017లోనే పోయింది.

దారి చూసుకోడానికి జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, మ్యాపుకే కావాలి. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో ఆ ఊరిని ముందే దింపుకోండి. కానీ నెట్ లేకుండా అది కారు దారే చెప్తుంది, నడక దారీ బస్సులూ రైళ్లూ చెప్పదు. సింగపూరులో డార్మిటరీ నుంచి బస్సెక్కి, నడిచి తిరిగేవాళ్లకి దానితో సగం పనే అవుతుంది. ఆర్గానిక్ మ్యాప్స్ నడక దారి కూడా చూపిస్తుంది, అదీ వేసుకోండి. నెట్ లేనప్పుడు మొదటిసారి మనమెక్కడున్నామో పట్టడానికి కాస్త టైం పడుతుంది. ఆకాశం కనిపించే చోట నిలబడితే బేగి దొరుకుతుంది.

సింగపూరు ఉత్తరాన ఉడ్‌లాండ్స్ వైపు ఉండేవాళ్లు నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి తీసి, తమ సిమ్ కంపెనీ పేరు ఎంచుకోవాలి. లేకపోతే జలసంధి అవతల మలేషియా టవర్లు ఫోనుకి తగిలి, కూర్చున్న చోటే రోమింగ్ అయిపోతుంది.