1968 ఒరిజినల్ అంటూ తిరుగుతున్న ఈ బర్డ్స్ రికార్డు కొనకండి

పాత ఎల్పీ రికార్డులు కొనే మనవాళ్లందరికీ, ముఖ్యంగా అమెరికాలో ఉండి ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లకి ఈ పోస్టు. అమెరికన్ రాక్ బ్యాండ్ ద బర్డ్స్ ఆల్బమ్ 'ద నొటోరియస్ బర్డ్ బ్రదర్స్' మొదటి ప్రెస్సింగ్ (విడుదలప్పుడే ఒత్తిన రికార్డు), నియర్ మింట్ (దాదాపు కొత్తదానిలా ఉన్నది), 90 డాలర్లు అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే డబ్బు కట్టేయకండి. నేను కట్టి మోసపోయాను.

ఈ రికార్డు కోసం రెండేళ్లుగా చూస్తున్నాను. 1968 జనవరిలో కొలంబియా కంపెనీ విడుదల చేసింది. కంట్రీ పాటల్లో మోగే పెడల్ స్టీల్ గిటారు, సైకెడెలిక్ రాక్ మైకం, కరెంటుతో శబ్దాలు పుట్టించే, అప్పటికి చాలా కొత్తదైన మూగ్ సింథసైజర్, మూడూ ఇందులో కలిశాయి. స్టీల్ వాయించింది రెడ్ రోడ్స్, మూగ్ దగ్గర కూర్చున్నది పాల్ బీవర్. ఆ మూగ్ చాలా పాటల్లో పైకి వినపడదు. పప్పులో ఇంగువలా ఉంటుంది, కంటికి కనిపించదు గానీ లేకపోతే తెలిసిపోతుంది. అందుకే నాకు మంచి ప్రెస్సింగ్ కావాలి. సన్నటి శబ్దాలు బతికి ఉన్న రికార్డు కావాలి.

అమ్మకందారు పెట్టిన ఫోటోలో రికార్డు మధ్యలో ఉండే ఎర్ర కాగితం లేబుల్, దాని కింది భాగంలో '360 సౌండ్' అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అరవైల్లో కొలంబియా స్టీరియో రికార్డులకి ఉండే లేబుల్ అదే. నమ్మాను.

పార్సిల్ వచ్చింది. అట్ట నిజంగా అప్పటిదే, అందులో అనుమానం లేదు. రాతి గోడ కిటికీల్లోంచి ముగ్గురు మనుషులు, నాలుగో కిటికీలోంచి గుర్రం. ఆ గుర్రం కిటికీ కింద నీలం ఇంకు పెన్నుతో ఎవరో చిన్న టిక్కు పెట్టారు. పాత సొంతదారు గుర్తేమో అనుకుని ముచ్చటపడ్డాను కూడా. రికార్డు బయటికి తీశాక గుండె జారిపోయింది. లేబుల్ మీద '360 సౌండ్' లేదు. అంచు చుట్టూ బంగారు రంగులో కొలంబియా అన్న పేరు పదే పదే అచ్చేసి ఉంది. అది 1970 నుంచి వచ్చిన లేబుల్. అంటే పాత అట్టలో తర్వాతెప్పుడో ఒత్తిన రికార్డు పెట్టి పంపారు.

పోనీ మంచి కండిషన్లో ఉంటే రీప్రెస్ అయినా వినేవాణ్ని. మొదటి వైపు అక్కడక్కడా చిటపటలతో సరిపోయింది. రెండో వైపు చివరి పాట 'స్పేస్ ఒడిస్సీ'. మూగ్ బాగా ముందుకు వచ్చే పాట అది. సరిగ్గా అక్కడే నాశనమైంది. గొంతులు చీలిపోయి, మూగ్ స్వరం ఇసుకలో ఈడ్చినట్టు గరగరలాడింది. ఇలా ఎందుకవుతుందో కొనేవాళ్లకి తెలియాలి. ఎల్పీ ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. బయటి అంచున ఆ సమయంలో ముల్లు దాదాపు 90 సెంటీమీటర్ల గాడి మీద నడుస్తుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 40 సెంటీమీటర్లు కూడా ఉండదు. అంతే శబ్దాన్ని సగం కంటే తక్కువ చోట ఇరికిస్తారన్న మాట. వెనకటి ప్లేయర్ల బరువైన ముళ్లు అక్కడే ఎక్కువ గీకేస్తాయి. పైకి మెరుస్తున్న రికార్డు కూడా లోపల అరిగిపోయి ఉండొచ్చు. కాబట్టి మాట నమ్మకండి, చివరి పాట ముప్పై సెకన్లు రికార్డు చేసి పంపమని అడగండి. నిజాయతీగా అమ్మేవాళ్లు పంపుతారు.

నేను మెసేజ్ పెడితే వచ్చిన జవాబు ఇది: ఫోటో నమూనా మాత్రమేనట, అట్ట ఒరిజినలే కదా అట. రెండోసారి గట్టిగా అడిగితే, నేనే రికార్డు మార్చేశానన్నారు! అదృష్టవశాత్తూ పార్సిల్ విప్పేటప్పుడు మా అమ్మాయి సరదాగా ఫోన్లో వీడియో తీసింది. టేపు కోయడం దగ్గర్నుంచి లేబుల్ బయటపడేదాకా ఒక్క కట్ లేకుండా ఉంది. అది పంపాకే దారికొచ్చారు. మూడు వారాలకి 90 డాలర్లు వెనక్కి వచ్చాయి, తిరిగి పంపిన 14 డాలర్ల ఖర్చు నా నెత్తినే పడింది. ఇకమీదట వీడియో తీయకుండా ఏ పార్సిలూ విప్పను, మీరూ విప్పకండి.

ఈ ఆల్బమ్ కొనేవాళ్లు లేబుల్ రెండు వైపులా ఫోటో, పాటలు అయిపోయాక లేబుల్ పక్కన నున్నగా ఉండే చోట చెక్కిన నంబరు ఫోటో అడగండి. అప్పటి స్టీరియో కాపీకి ఆ నంబరు ఎక్స్ఎస్ఎమ్ అని, మోనోకి (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేదానికి) ఎక్స్ఎల్‌పీ అని మొదలవుతుంది. అట్ట మీద స్టీరియో నంబరు సీఎస్ 9575, మోనోది సీఎల్ 2775. మోనో అరుదు, దాని ధర వేరు. ఇంకోటి, కండిషన్ 'గుడ్' అని రాస్తే బాగుందని కాదు, రికార్డుల లెక్కలో అది బాగా అరిగిపోయినదని. ఇది తెలియక మా స్నేహితుడొకడు నాలుగు కొన్నాడు.

వింటే చాలు, పాత రికార్డే ఉండాలని లేదు అనుకునేవాళ్లు 1997లో వచ్చిన సీడీ చూడండి. ఆల్బమ్‌లో పెట్టని ట్రాకులు అందులో ఉన్నాయి. మూగ్ మీద మన రాగం పలికించబోయిన ప్రయత్నం కూడా ఉంది, అది మాత్రం తప్పకుండా వినండి.

నిన్నటిదాకా ఈ పోస్టు రాయాలనుకోలేదు, డబ్బు వచ్చింది కదా అని వదిలేద్దామనుకున్నాను. రాత్రి మళ్లీ వెతుకుతుంటే అదే రికార్డు కనిపించింది. అదే '360 సౌండ్' ఫోటో, అదే నియర్ మింట్. అమ్మకందారు పేరు వేరు. ధర ఇప్పుడు 95. అట్ట ఫోటో పెద్దది చేసి చూశాను. గుర్రం కిటికీ కింద నీలం ఇంకు టిక్కు ఉంది.