ఎవరి పని వాళ్లదా, గ్యాంగు మొత్తానిదా: ఏది మేలు?

చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గు గనుల్లో షిఫ్టు మారే వేళ తెలుగులో విన్నా, మరాఠీలో విన్నా గొడవ ఒకటే: "ముందు షిఫ్టువాళ్లు అలాగే వదిలేసి పోయారు." పంపు ఆగి నీళ్లు నిలిచినా, బెల్టు కింద బొగ్గు పేరుకున్నా, తప్పు అప్పటికే పైకి వెళ్లిపోయిన వాళ్లదే.

పరిశోధకుడు ఎరిక్ ట్రిస్ట్, ఒకప్పుడు తనూ గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ కలిసి బ్రిటన్ గనుల గురించి 1951లోనే ఈ సంగతి రాశారు. యంత్రాలు వచ్చాక అక్కడ లాంగ్‌వాల్ (పొడవాటి బొగ్గు గోడను ఒకే వరసన కోసుకుపోయే పద్ధతి) పనిని మూడు షిఫ్టులకు పంచారు. ఒకరు కోస్తారు, ఒకరు బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు జరుపుతారు, ఒకరు బొగ్గు నింపుతారు. ఎవరి కూలి లెక్క వాళ్లది. కోత సరిగ్గా పడకపోతే అవస్థ నింపేవాళ్లకి. కోసినవాడికి దాని సెగ తగలదు.

తర్వాత ఇంగ్లండులోని డర్హంలో కొన్ని గనులు వేరే దారి పట్టాయి. దాదాపు నలభై మంది ఒకే గ్యాంగు. కూలి అందరికీ కలిపి వస్తుంది, సమానంగా పంచుకుంటారు. ఏ పనికి ఎవరో వాళ్లే తేల్చుకుంటారు. ముందువాళ్లు ఆపిన చోటి నుంచి తర్వాతివాళ్లు అందుకుంటారు. 1963లో అచ్చయిన లెక్కల్లో పాత పద్ధతిలో గైర్హాజరు 20 శాతం, కలిసిన గ్యాంగులో 8 చిల్లర.

నన్నడిగితే కలిసిన గ్యాంగే మేలు, డబ్బు కూడా కలిస్తేనే. ఇన్సెంటివ్ మనిషికింత అని లెక్కగట్టి, మీటింగులో "మనమంతా ఒక టీమ్" అంటే ఎవడు నమ్ముతాడు? తాతల కాలంలో కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి వచ్చిన మనవాళ్లంతా ఒకచోట కూర్చుని టిఫిన్ విప్పినా అది టీమ్ కాదు, చుట్టరికం. అక్కడ మనవాడి తప్పు కప్పిపుచ్చడమే ఎక్కువ.

అలాగని అన్ని పనులూ కలపకూడదు. షాట్‌ఫైరింగ్ (మందు పేల్చడం), మనుషుల్ని గనిలోకి దింపి పైకి లాగే వైండింగ్ ఇంజిన్ లాంటివి సర్టిఫికెట్ ఉన్నవాడే చెయ్యాలి. "ఇవాళ్టికి నువ్వు చూసుకో అన్నా" అన్నామా, ప్రాణాల మీదికొస్తుంది.

మొదలుపెట్టాలంటే ఒక్క బెల్టు లైను చాలు. మూడు షిఫ్టులకీ కలిపి ఒకే టన్నుల లెక్క, ఒకే ఇన్సెంటివ్ పెట్టి చూడాలి. అప్పుడు లాగ్‌బుక్‌లో "అంతా ఓకే" అని గీకేసి పోరు. ఏ రోలర్ తిరగట్లేదో రాస్తారు, దిగే షిఫ్టు స్పేర్ చేతబట్టుకునే దిగుతుంది.